పాత ట్రైనర్ విమానాలు నడపడం అంత కష్టమా? టైగర్ మాత్, హెచ్‌టీ-2 గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది: మీ తాతగారు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బేగంపేటలో టైగర్ మాత్ అనే రెండు వరుసల రెక్కల బ్రిటిష్ విమానం మీద నడపడం నేర్చుకున్నారు. ఆయన లాగ్‌బుక్ (ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం) మీ దగ్గరుంది. అలాంటి పాత శిక్షణ విమానాలు నిజంగా అంత కష్టంగా ఉండేవా, వాటి తర్వాత మన దేశంలో ఏవి వచ్చాయి, ఇప్పుడు ఎక్కడైనా ఎగురుతున్నాయా అని అడిగారు.

వైమానిక దళంలో నేను బీదర్‌లో మన దేశంలో తయారైన హెచ్‌టీ-2 మీద, దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో కిరణ్ అనే జెట్ ట్రైనర్ మీద నేర్చుకున్నాను. తర్వాత తాంబరం ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూల్లో శిక్షణ పూర్తి చేసి క్యాడెట్లకు నేర్పాను. టైగర్ మాత్ మా తరానికి ముందుది. దాని గురించి మా సీనియర్లు చెప్పగా చాలా విన్నాను. రిటైరయ్యాక, మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు అక్కడి డక్స్‌ఫర్డ్‌లో ఒకసారి దాని స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) పట్టుకునే అవకాశమూ వచ్చింది. కాబట్టి కొంత అనుభవంతో, కొంత విన్నదానితో చెబుతాను.

కష్టమే. కానీ భయపడాల్సిన కష్టం కాదు. టైగర్ మాత్‌ని గాల్లో నిలబెట్టడం ఎవరికైనా వస్తుంది, సరిగ్గా నడపడం మాత్రం ఏళ్లు గడిచినా పూర్తిగా రాదు. మీరు చేసే ప్రతి చిన్న తప్పునూ అది అప్పటికప్పుడు, తక్కువ వేగంలో, ప్రాణం మీదికి రాకుండా చూపిస్తుంది. నా దృష్టిలో శిక్షణ విమానానికి ఉండాల్సిన మొదటి గుణం ఇదే.

ముందు స్టార్ట్ చేయడమే చూడండి. టైగర్ మాత్‌లో బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు. ఒక మనిషి ముందు నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. మ్యాగ్నెటో స్విచ్‌లు (ఇంజన్‌కు నిప్పురవ్వ అందించేవి) కాక్‌పిట్ లోపల కాకుండా బయట, విమానం పక్క గోడ మీద ఉంటాయి. ఎందుకంటే ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసే మనిషికి అవి ఆన్‌లో ఉన్నాయో ఆఫ్‌లో ఉన్నాయో కళ్లకు కనిపించాలి. చక్రాలకు అడ్డుగా చాక్స్ పెడతారు. కార్బురేటర్ నుంచి పెట్రోల్ చుక్కలు కారేదాకా నింపుతారు. ముందున్న మనిషి "స్విచెస్ ఆఫ్, ఫ్యూయల్ ఆన్, థ్రాటిల్ క్లోజ్డ్" అని అరుస్తాడు. పైలట్ ఒక్కొక్కటీ చూసుకుని అదే మాట తిరిగి చెప్పాలి. సిలిండర్లలోకి పెట్రోల్ చేరడానికి ప్రొపెల్లర్‌ని నాలుగైదు సార్లు మెల్లగా తిప్పాక "కాంటాక్ట్" అంటాడు. అప్పుడే స్విచ్‌లు పైకి వెళ్తాయి. ఒక్క ఊపు, జిప్సీ మేజర్ ఇంజన్ అందుకుంటుంది. తెలియని క్యాడెట్ మొదటి రోజే నేర్చుకునేది ఏమిటంటే, తన నోటి నుంచి వచ్చే మాట మీద ఎదుటి మనిషి చేతులు ఆధారపడి ఉన్నాయని. తర్వాత ఎంత పెద్ద విమానం ఎక్కినా చెక్‌లిస్ట్ చదివేటప్పుడు గొంతులో నిర్లక్ష్యం రాదు.

ఇంజన్ శక్తి 130 హార్స్‌పవర్. పై రెక్క మధ్యలో పెట్రోల్ ట్యాంక్, ఇంధనం దానంతటదే కిందికి దిగుతుంది. ఎంత మిగిలిందో తెలియడానికి ట్యాంక్ మీద ఒక గాజు గొట్టం, అందులో తేలే చిన్న బిరడా. తలెత్తి చూసుకోవడమే. ఇన్‌స్ట్రక్టర్ ముందు సీట్లో, నేర్చుకునేవాడు వెనక సీట్లో కూర్చుంటారు. ఒంటరిగా ఎగిరే సోలో కూడా వెనక నుంచే. ఇద్దరి మధ్య మాటలకు రేడియో లేదు, గాస్‌పోర్ట్ ట్యూబ్ అనే రబ్బరు గొట్టం హెల్మెట్‌కి తగిలించి ఉంటుంది. గాలి హోరులో గొట్టం గుండా వచ్చే మాటలో సగం వినిపిస్తుంది, సగం ఊహించుకోవాలి.

ఆ గొట్టం పేరు వెనక పెద్ద చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో కొత్త పైలట్లు శత్రువు చేతిలోనే కాదు, శిక్షణలోనూ పెద్ద సంఖ్యలో చనిపోయేవాళ్లు. అప్పటి పద్ధతి ప్రకారం ప్రమాదకరమైనవేవీ నేర్పేవాళ్లు కాదు, వాటి జోలికి పోవద్దని చెప్పి వదిలేసేవాళ్లు. 1917లో రాబర్ట్ స్మిత్-బ్యారీ అనే అధికారి గాస్‌పోర్ట్‌లో కొత్త స్కూలు నడిపి, ఆవ్రో 504 విమానం మీద దీన్ని తలకిందులు చేశాడు. స్పిన్‌లోకి (విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడం) ఎలా పడతారో పడేసి చూపించు, ఎందుకు పడ్డామో చెప్పు, ఎలా బయటికి రావాలో విద్యార్థి చేతే చేయించు అన్నాడు. ఈ రోజు దుండిగల్‌లో అయినా, అమెరికాలో ఏ చిన్న ఫ్లయింగ్ స్కూల్లో అయినా జరిగే శిక్షణకు మూలం అక్కడే ఉంది. టైగర్ మాత్ ఆ ఆలోచనకు సరిగ్గా సరిపోయిన విమానం. 1931 అక్టోబర్‌లో తొలిసారి ఎగిరింది, 8,000కు పైగా తయారయ్యాయి, బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తం దాని మీదే నేర్చుకుంది.

ఇక అసలు కష్టం నేల మీద ఉంటుంది. ఇప్పటి చిన్న విమానాలకు మూడో చక్రం ముక్కు కింద ఉంటుంది. టైగర్ మాత్, హెచ్‌టీ-2, హార్వర్డ్, ఇవన్నీ తోక నేలకు ఆనించి, ముక్కు ఆకాశంలోకి ఎత్తి కూర్చునే రకం. నేల మీద వెళ్తుంటే ఎదురుగా ఏముందో కనిపించదు. కుడికీ ఎడమకీ వంకరటింకరగా నడుపుతూ పక్కల నుంచి చూసుకోవాలి. అంతకంటే ముఖ్యమైనది బరువు సంగతి. ఈ రకం విమానంలో గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. ల్యాండ్ అయ్యాక ముక్కు కాస్త పక్కకు తిరిగిందంటే వెనకున్న బరువు ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. ట్రాక్టర్ ట్రాలీని రివర్స్ చేసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. మొదట్లోనే సరిచేస్తే చిన్న పని, ఒక్క క్షణం ఆలస్యమైతే ఇక చేతిలో ఉండదు. విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు రాసుకుంటుంది. గ్రౌండ్ లూప్ అంటారు. అందుకే మేము క్యాడెట్లకు ఒకే మాట పదే పదే చెప్పేవాళ్లం: విమానం ఆగి, ఇంజన్ ఆపేదాకా ల్యాండింగ్ పూర్తి కానట్టే, కాళ్లు పనిలోనే ఉండాలి.

టైగర్ మాత్‌కి మామూలుగా బ్రేకులు కూడా ఉండవు. తోక కింద చక్రానికి బదులు ఒక స్కిడ్, అది గడ్డిలో గీసుకుపోతూ వేగాన్ని తగ్గిస్తుంది. సిమెంటు రన్‌వే మీద దానికి పట్టు దొరకదు. ఆ కాలపు ఏరోడ్రోమ్‌లు రన్‌వేలు లేని విశాలమైన గడ్డి మైదానాలుగా ఉండటానికి ఇదో కారణం. గాలి ఎటు నుంచి వీస్తే అటు ముఖం పెట్టి ఎగరొచ్చు, దిగొచ్చు. పక్కగాలితో పేచీ ఉండదు. మీ తాతగారి కాలం బేగంపేటను ఊహించుకునేటప్పుడు ఇప్పటి పొడవాటి రన్‌వేని మనసులోంచి తీసేయండి.

గాల్లోకి వెళ్లాక అసలు పాఠం కాళ్లకు మొదలవుతుంది. ఎడమకు తిరగాలని స్టిక్ ఎడమకు నొక్కితే, పైకి లేచే కుడి రెక్క మీద గాలి ఎక్కువ లాగుతుంది. ఫలితంగా ముక్కు తిరగాల్సిన వైపు కాకుండా కుడికి పోతుంది. దాన్ని ఎడమ రడ్డర్‌తో (పాదాలతో నొక్కి కదిపే తోక చుక్కాని) సరిచేయాలి. ఇప్పటి విమానాల్లో డిజైన్‌తోనే ఈ దోషాన్ని చాలావరకు దాచేశారు, పాదాలు నిద్రపోయినా పని జరిగిపోతుంది. టైగర్ మాత్‌లో కుదరదు. పైన కప్పు లేదు కాబట్టి, విమానం పక్కకు జారుతుంటే గాలి ఒక చెంపకే కొడుతుంది. రెండు చెంపలకూ సమానంగా తగిలితే మలుపు సరిగ్గా ఉన్నట్టు. మీటర్ చూడాల్సిన అవసరమే లేదు. రెక్కల మధ్య తీగల ఈల మారితే వేగం మారినట్టు. మా సీనియర్లు కళ్లు బయట పెట్టి, చెవితో వేగం కొలిచేవాళ్లు. ఇదేదో కవిత్వానికి అంటున్న మాట కాదు. బైరాగుల్లా మీటర్లు వద్దనీ కాదు. మీటర్లు పాడైన రోజున ఆ చెవే ప్రాణం కాపాడుతుంది.

బేగంపేట సంగతికి వస్తాను. విమానాలతో హైదరాబాద్‌కు ఉన్న సంబంధం చాలామంది అనుకునేదానికంటే పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో సమకూరిన బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు, రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ అలాగే. ఆ రెండో యుద్ధ కాలంలో బేగంపేటలో ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది. అక్కడ టైగర్ మాత్‌ల మీద ప్రాథమిక శిక్షణ పూర్తి చేసినవాళ్లు అంబాలా వెళ్లి హార్వర్డ్ లాంటి పెద్ద విమానాలు ఎక్కేవాళ్లు. తర్వాతి రోజుల్లో భారత వైమానిక దళాధిపతి అయిన ఇద్రీస్ హసన్ లతీఫ్ హైదరాబాద్‌లో పుట్టినవారే, 1942లో కమిషన్ పొందారు. మీ తాతగారిదీ ఆ తరమే.

హార్వర్డ్‌కు మారడం ఆ కుర్రాళ్లకు పెద్ద పరీక్ష. టైగర్ మాత్‌కు 130 హార్స్‌పవర్ అయితే, దీనికి తొమ్మిది సిలిండర్ల వాస్ప్ ఇంజన్, 550 నుంచి 600 హార్స్‌పవర్. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, ల్యాండింగ్‌కు ముందు మళ్లీ దించడం గుర్తుండాలి. ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎక్కువమంది ప్రస్తావించరు. జిప్సీ మేజర్ ప్రొపెల్లర్ కాక్‌పిట్ నుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది, అందుకని టేకాఫ్‌లో టైగర్ మాత్ ముక్కు కుడికి లాగుతుంది. హార్వర్డ్ ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతుంది, ముక్కు ఎడమకు లాగుతుంది, అదీ నాలుగింతల బలంతో. నెలల తరబడి ఒక కాలికి అలవాటైన పనిని రాత్రికి రాత్రి రెండో కాలికి అప్పజెప్పాలి. హార్వర్డ్ ఎగురుతుంటే వచ్చే ఆ చెవులు చిల్లులు పడే రొద ఇంజన్‌ది కాదు. ప్రొపెల్లర్ కొసలు ధ్వని వేగానికి దగ్గరగా తిరగడం వల్ల వచ్చేది. ఒకసారి విన్నవాళ్లు చీకట్లో కూడా గుర్తుపడతారు.

స్వాతంత్ర్యం వచ్చాక టైగర్ మాత్‌కు బదులు మన సొంత విమానం కావాలనుకున్నారు. అలా వచ్చిందే హెచ్‌టీ-2. బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో వి.ఎం. ఘాటగే నాయకత్వంలో డిజైన్ అయింది, 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరింది. సుమారు 170 తయారయ్యాయి. మన దేశంలో డిజైన్ అయి, వరుసగా ఉత్పత్తికి వెళ్లిన మొదటి ఇంజన్ విమానం ఇదే. 1959లో ఘనా దేశం తన వైమానిక దళాన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్ల పైలట్లు నేర్చుకున్నదీ దీని మీదే. తేజస్ గురించి మాట్లాడేవాళ్లు హెచ్‌టీ-2 పేరెత్తకపోతే నాకు బాధగా ఉంటుంది. స్వతంత్ర భారతదేశంలో కొన్ని తరాల యుద్ధ పైలట్లకు ఓనమాలు దిద్దించింది ఆ చిన్న విమానం.

ఒంటి రెక్క, లోహపు శరీరం, ఒకరి వెనక ఒకరు కూర్చునే కాక్‌పిట్, పైన జరిపే కప్పు, 155 హార్స్‌పవర్ సిరస్ మేజర్ ఇంజన్. టైగర్ మాత్ కంటే పదునైనది. నెమ్మదిగా స్టాల్‌లోకి (వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి) తీసుకెళ్లి రడ్డర్ తప్పుగా పెడితే చెప్పా పెట్టకుండా ఒక పక్కకు వాలిపోయి స్పిన్ మొదలుపెట్టేది. భూమి గిరగిరా తిరుగుతుంటే మొదటిసారి చూసిన క్యాడెట్ సహజంగా స్టిక్‌ని పొట్టకేసి లాక్కుంటాడు. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం: తిరుగుడుకు ఎదురు వైపు పూర్తి రడ్డర్, ఒక్క క్షణం ఆగి స్టిక్ ముందుకు, తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యలోకి, తర్వాత మెల్లగా పైకి. నేలకేసి ముక్కు ఉన్నప్పుడు స్టిక్‌ని ఇంకా ముందుకు తోయడానికి మనసు ఒప్పుకోదు. ఎత్తులో ఉన్నప్పుడు, తోడుగా ఇన్‌స్ట్రక్టర్ ఉన్నప్పుడు, మళ్లీ మళ్లీ చేయిస్తేనే ఒప్పుకుంటుంది.

ఒక సార్టీ (ఒకసారి ఎగిరి దిగడం) గురించి వివరంగా చెబుతాను. కోస్తా నుంచి వచ్చిన ఒక క్యాడెట్, తెలివైనవాడు, ఇంగ్లీషు మాత్రం అప్పటికింకా గొంతులో అడ్డుపడేది. మేము తాంబరంలో ప్యాటర్ అని నేర్చుకుంటాం, అంటే చేతులు చేసే పనికి సరిగ్గా సరిపోయేలా నోటితో చెప్పే మాటలు. అది ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆ రోజు బీదర్ దక్షిణాన రెండు వేల అడుగుల మీద ఉండగా థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగి "ఇంజన్ పోయింది, ఎక్కడ దిగుతావ్?" అన్నాను. టెన్షన్‌లో అతను బిగుసుకుపోయాడు. తెలుగులో అడిగాను: "కింద ఏం కనబడుతోందో చెప్పు." గడగడా చెప్పడం మొదలుపెట్టాడు. జొన్న కోసేసిన చేను ఒకటి, దాని పక్కన కంది ఇంకా నిలబడి ఉంది, అటు వైపు నల్లరేగడి తడిగా ఉంది, చెట్ల గుంపు కింద బావి ఉండొచ్చు, పొగ ఉత్తరానికి పోతోంది. వ్యవసాయ కుటుంబం కుర్రాడు. ఏ పుస్తకమూ చెప్పనంత బాగా పొలాన్ని చదివాడు. తడి రేగడిలో చక్రాలు దిగబడితే విమానం పల్టీ కొడుతుందని, కోసిన జొన్న చేను గట్టిగా ఉంటుందని అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. గాలికి ఎదురుగా ఆ చేను మీదికి చక్కగా తెచ్చాడు. కరెంటు తీగలకు బాగా పైన ఉండగానే థ్రాటిల్ ముందుకు తోసి పైకి లేచాం. పాత ట్రైనర్ల వేగం తక్కువ కావడం వల్ల ఇలా చూసి, ఆలోచించి, చెప్పుకునే వ్యవధి దొరికేది.

ఇక్కడో విషయం స్పష్టంగా చెప్పాలి. కష్టమైన విమానం వేరు, నమ్మలేని విమానం వేరు. పాతవాటి మీద ప్రేమతో చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. హెచ్‌టీ-2 తర్వాత వచ్చిన హెచ్‌పీటీ-32 దీపక్ 1977లో తొలిసారి ఎగిరింది. పక్కపక్కన సీట్లు, 260 హార్స్‌పవర్ ఇంజన్, ముక్కు కింద చక్రం. నేల మీద హెచ్‌టీ-2 కంటే చాలా తేలిక. అయినా దాని ఇంజన్ గాల్లో ఆగిపోయిన ఘటనలు ఏళ్ల తరబడి జరిగాయి. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో కూలిపోయి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయారు. ఆ తర్వాత మొత్తం దీపక్‌లను నేలకు దించేశారు. 2013లో స్విట్జర్లాండ్ పిలాటస్ పీసీ-7 మార్క్ 2 దుండిగల్‌కు వచ్చేదాకా ఆ లోటు తీరలేదు. క్యాడెట్ తప్పు చేస్తే విమానం చెప్పాలి, క్యాడెట్ ఏ తప్పూ చేయనప్పుడు విమానం మోసం చేయకూడదు. ట్రైనర్‌ని ఎంచుకునేవాళ్లు ఈ తేడా మీద ఎంత ఆలోచించినా తక్కువే.

సివిల్ వైపు మాట ఒకటి. ఫ్లయింగ్ క్లబ్బుల్లో నేర్చుకున్న పాత తరం ఎయిర్‌లైన్ కెప్టెన్లను కదిలిస్తే పుష్పక్ గురించి చెబుతారు. 1958లో తొలిసారి ఎగిరిన, గుడ్డ తొడిగిన రెక్కలున్న చిన్న రెండు సీట్ల విమానం, 90 హార్స్‌పవర్. జెట్లు నడిపిన ఎందరో మొదట తోకచక్రం మీద కాళ్లు కదపడం నేర్చుకున్నది దాని మీదే.

ఇప్పటి పిల్లలు స్క్రీన్ల కాక్‌పిట్‌లో నేర్చుకోవడం తప్పని నేననను. వాతావరణం, దారి, చుట్టూ ఉన్న ఇతర విమానాలు, ఇవన్నీ కళ్ల ముందు ఉండటం పెద్ద భద్రత. పైగా సిమ్యులేటర్ కొత్తదేమీ కాదు. మీ తాతగారి లాగ్‌బుక్‌లో "లింక్" అని కనిపిస్తే అది లింక్ ట్రైనర్, గాలి తిత్తులతో కదిలే చెక్క డబ్బా, అందులో కూర్చుని మూసిన కప్పు కింద మీటర్లు చూసి నడపడం అభ్యసించేవాళ్లు. నా సలహా ఒక్కటే: పైలట్ కావాలనుకునే కుర్రాళ్లు వీలైతే లైసెన్స్‌తో పాటు కొన్ని గంటలు తోకచక్రం విమానం మీదో, గ్లైడర్ మీదో గడపండి. ఖర్చు ఎక్కువే. కాళ్లకు వచ్చిన చదువు మాత్రం జీవితాంతం ఉంటుంది.

లాగ్‌బుక్ చదవడానికి కొన్ని ఆనవాళ్లు. "డ్యూటీ" గడిలో మాటలకు బదులు అంకెలే ఉంటే కంగారు పడకండి, అవి సిలబస్‌లో పాఠాల నెంబర్లు. డ్యూయల్ గడి (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరిన సమయం) నుంచి అంకె మొదటిసారి పైలట్ గడిలోకి మారిన తేదీ ఆయన సోలో వెళ్లిన రోజు. ఆ రోజుకు కొద్దిగా ముందు ఇంకో ఇన్‌స్ట్రక్టర్ పేరు కనిపిస్తే అది చెక్ సార్టీ అయి ఉండొచ్చు. పెట్రోల్, ఆయిల్, ఇగ్నిషన్ వ్యవస్థలు తనకు అర్థమయ్యాయని ఆయన సంతకం చేసిన కాగితం కూడా ఉండే అవకాశం ఉంది. కోర్సు చివర అతికించిన చీటీలో "యావరేజ్" అని రాసి ఉంటే చిన్నబుచ్చుకోకండి. ఆ కాలంలో అది గౌరవంగా పాసైనట్టే. "అబవ్ యావరేజ్" అరుదుగా ఇచ్చేవాళ్లు. పేజీలన్నీ ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోండి, ఆ సిరా ఎక్కువ కాలం ఆగదు.

చూడాలంటే ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియం, బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియం వెళ్లండి. హెచ్‌టీ-2 పక్కన మోకాళ్ల మీద కూర్చుని తోక వైపు నుంచి ముక్కు దాకా చూస్తే పైలట్‌కు ముందు ఏమీ కనిపించదని నేనన్నది తెలుస్తుంది. ఎగిరేవి చూడాలంటే, వైమానిక దళం పాత విమానాలను ఎగరేసే తన వింటేజ్ ఫ్లైట్ కింద ఒక టైగర్ మాత్‌ని బాగుచేయించి 2012లో హిండన్‌లో ఎయిర్ ఫోర్స్ డేకి ఎగరేసింది. తర్వాత ఒక హార్వర్డ్ కూడా వచ్చింది.

స్వయంగా ఎక్కాలంటే ఇంగ్లండ్‌లో డక్స్‌ఫర్డ్ మంచి చోటు. ముందే బుక్ చేసుకోవాలి, గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు, కాబట్టి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. జూన్‌లోనైనా మందపాటి జాకెట్ తీసుకెళ్లండి. మిమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెడతారు. ఎత్తుకు వెళ్లాక స్టిక్ చేతికిస్తే, అనుమతి అడిగి, రడ్డర్ కదపకుండా ఎడమకు వంచి చూడండి. ముక్కు కుడికి పోతుంది, గాలి ఎడమ చెంపకు కొడుతుంది. తర్వాత ఎడమ పాదం మెల్లగా నొక్కుతూ, గాలి మళ్లీ ముఖం మధ్యకు వచ్చిన చోట ఆపండి.